నేలకు దక్కిన కథ

మొన్న మదనపల్లెలో మా వీధి చివర పెళ్లికి షామియానా వేస్తుంటే, వానకు తడిసి సరిగా ఆరని గుడ్డ వాసన, నీళ్లు చల్లిన మట్టి వాసన కలిసి మా మేడ ఎక్కివచ్చాయి. పెళ్లికి నన్నెవరూ పిలవలేదు గానీ ఆ వాసన మాత్రం చెయ్యి పట్టుకుని నా చిన్నప్పటి పుంగనూరుకు లాక్కుపోయింది.

శనక్కాయలు పీకి ఎండబెట్టే రోజుల్లో కుప్పం వైపు నుంచి సినిమా డేరా వచ్చేది. తెర ముందు నేల, ఆ వెనక బెంచీలు, అన్నిటికంటే వెనక ఇనుప కుర్చీలు. నేల మీది జనం ఉడకబెట్టిన కాయలు ఒలుచుకుంటూ, పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకుని, తెర మీది ఏడుపుకు తామూ ఏడుస్తూ చూస్తే, కుర్చీల్లోవాళ్లు ఇస్త్రీ నలగకుండా చూసేవాళ్లు.

మా నాయనకు నాయన, మునెప్ప జేజినాయన, సినిమాకు మాటలు రాని కాలంలో తెర పక్కన కర్ర పట్టుకుని కథ చెప్పేవాడట. చదువు రాని నేల జనానికి ఆయనే అక్షరం. తెర మీది టోపీ దొరకు మన ఊరి పేరేదో తగిలించి, కూలివాడు ఆ దొర బల్ల దగ్గర కూర్చుని తింటుంటే 'రేపు మనమూ' అని కర్ర ఎత్తేవాడట. సినిమాకు మాటలొచ్చాయి, ఆయన మాట పోయింది. తాను నిలబడే బతికాడు గనక కొడుకైనా కుర్చీలో కూర్చోవాలని కూలి చేసి చదివించాడు. గుమాస్తా ఉద్యోగం రాగానే నాయన తనకూ, జేజినాయనకూ, నాకూ కుర్చీ టికెట్లు కొన్నాడు. జేజినాయన పరాయి ఇంట్లో కూర్చున్నట్టు అంచున కూర్చున్నాడు.

సగం సినిమాలో స్పీకరు మూగపోయింది. బొమ్మ ఆడుతూనే ఉంది. ఈలల మధ్య నేల మీంచి ఒక ముసలాయన వెనక్కి తిరిగాడు.

"ఏం మునెప్పా, కుర్చీ ఎక్కితే నీకూ నోరు పడిపాయనా?"

జేజినాయన లేచాడు. నాయన ఆయన కండువా పట్టుకున్నాడు.

"కూసో నాయనా. మా ఆఫీసరు సూస్తాండాడు."

"నీ కుర్చీ బాగుండాదప్పా. ఈడ కత సెప్తే ఊ కొట్టేవోల్లే లేరు."

కండువాను కొడుకు చేతిలోనే వదిలేసి, బెంచీల మధ్యగా దిగిపోయాడు. తెర పక్కన ఆయన చేతులు ఎగురుతున్నాయి, నేలంతా విరగబడి నవ్వుతోంది, అంతలోనే కళ్లు తుడుచుకుంటోంది. మా వెనక డేరాకు కరెంటిచ్చే ఇంజను మోతలో ఒక్క మాటా కుర్చీల దాకా రాలేదు. నాయన కండువాను మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

ఆ తర్వాత జేజినాయన మాతో డేరాకు రాలేదు. నేల టికెట్టు కొనుక్కుని ఒక్కడే పోయేవాడు. ఆ రోజు ఏం చెప్పావని ఎన్నిసార్లు అడిగినా, "అది ఆడ కూసున్నోల్ల కతమ్మా" అని నవ్వేవాడు.

డేరాలు పోయాయి, నేల టికెట్టూ పోయింది. ఇప్పుడు అందరివీ మెత్తటి కుర్చీలే. సినిమాకు ఒక్కదాన్నే వెళ్తుంటాను. చెవులు మందగించాయేమో, హాలంతా నవ్వాక కాస్త ఆలస్యంగా నేనూ నవ్వుతాను. ఎందుకు నవ్వారని పక్కవాళ్లను అడగలేం కదా.