జుబైల్ కంచె అవతలి పాత చర్చి

ఒళ్లు మండుతూ బయలుదేరిన ప్రయాణం ఇది. సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో మా కంపెనీ ఎరుపులో పడింది, మేం ఇక్కడ ఉండటానికి కావలసిన ఇకామాలు రెన్యూ కావడం లేదు. పైగా కుటుంబాన్ని ఇక్కడ ఉంచుకున్నందుకు కట్టే లెవీ ఏటా పెంచుకుంటూ పోతున్నారు. మనిషి భార్యతో ఉండటం కూడా నేరమైనట్టు! చివరికి నా భార్య కృపకు, ఇక తిరిగి రాకుండా పంపే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాం, శనివారం విమానం. దూరవిద్యలో క్రైస్తవ వేదాంత డిప్లొమా చదువుతున్న మనిషి. జుబైల్ దగ్గర ఇసుకలో బయటపడిన పాత చర్చిని వెళ్లేలోగా చూడాలని ఒక్కటే అడిగింది. మూడేళ్లుగా అడుగుతూనే ఉంది. సెలవు రోజు శుక్రవారం నిద్ర పాడవుతుందని నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు అల్ ఖోబర్‌లో కడప డ్రైవర్ మస్తాన్ భాయ్ కారెక్కాం. రానూపోనూ రెండొందల యాభై రియాళ్లు. దమ్మాం దాటి ఉత్తరంగా గంటంబావు దారి. క్రీస్తు దేవుడూ మనిషీ రెండూ ఎలా అయ్యాడో చెప్పే మాటల కోసం తొలి క్రైస్తవులు వందల ఏళ్లు కొట్టుకున్నారని కృప చెబుతూ వచ్చింది. మరియను దేవుని తల్లి అనాలా, క్రీస్తు తల్లి అనాలా అన్నదాని మీదే సభలు పెట్టుకుని ఒకరినొకరు వెలివేసుకున్నారట. ఆ చర్చి కట్టిన ఈ తీరం వాళ్లు వెలిపడ్డ పక్షమట. ఇక్కడ బయట ప్రార్థనలు కుదరవు కాబట్టి ఎవరైనా అడిగితే పుట్టినరోజని చెప్పుకునే మా శుక్రవారం ప్రార్థన కూటంలో రెండు నెలల కిందట ఆమె ఈ పాఠమే మొదలుపెట్టింది. జనానికి సందేహాలు పుట్టిస్తున్నావంటూ కూటం పెద్దాయన మధ్యలోనే ఆపించాడు. దారి పొడవునా ఆయన్ను తిట్టిపోశాను. మస్తాన్ భాయ్ ఏసీ పెంచాడు.

తీరా వెళ్తే చుట్టూ ఇనుప కంచె, గేటుకు తాళం. పక్క యార్డు కాపలాదారు మన నిర్మల్ జిల్లా మనిషే. పాపం, అతని మీద అరిచేశాను.

"నా మీద ఒర్లితె తాళం ఊడుతదా సార్? చాబీ నా తాన లేదు. అమ్మను గా ఇసుక దిబ్బ ఎక్కియ్యిరి, మంచిగ కనవడ్తది."

కృప చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది. నడుమ పొడవాటి హాలు, తూర్పున మూడు గదులు, మొండి గోడలు. అరగంట సేపు నోట్‌బుక్‌లో గీసుకుంది. నేను పక్కన నిలబడి మళ్లీ పెద్దాయన్ను తిట్టడం ఎత్తుకున్నాను. ఆమె పెన్సిల్ ఆపలేదు.

"ఆయన మీద నాకు కోపం లేదండీ. తను నమ్మింది తను అన్నాడు. నేను చెప్పింది నిజమని తెలిసి కూడా ఆ రోజు కూటంలో మీరు టీ కప్పులు సర్దుతూ కూర్చున్నారు."

పదింటికి ఇల్లు చేరాం. సాయంత్రం కూటంలో లేచి నిలబడి, కృప ఆ పాఠం ఈరోజు పూర్తి చేస్తుందని గట్టిగా చెప్పాను. రేపే వెళ్లిపోతోంది కదా అని పెద్దాయన కూడా సరేనన్నాడు.

"ఇప్పుడెందుకండీ, కూర్చోండి," అంది కృప మెల్లగా.

లెవీ మీద, పెద్దాయన మీద, ఆ తాళం మీద కోపంతో ఇది రాయడం మొదలుపెట్టాను. కానీ ఆమె పాఠం ఆగిన రోజు నన్ను నోరు తెరవనివ్వనిది అవేవీ కావు, నేనే. అది తలచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తోంది. మీరు వెళ్లేటట్టయితే గేటు తీస్తారని ఆశ పెట్టుకోకండి, ఎనిమిదిలోగా చేరుకోండి. ఎండెక్కితే ఆ దిబ్బ మీద నిలబడలేరు. తీసుకెళ్లమని ఎవరైనా అడిగితే మాత్రం ఆ వారమే తీసుకెళ్లండి.