హన్నా ఇంకా బావి దగ్గరే ఉంది

ఆంటీ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారన్న కబురు మా ప్రార్థన కూటం వాట్సాప్ గ్రూపులో మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్‌లో నేను పనిచేసే వృద్ధుల హోమ్‌లో అప్పుడు ఒక పెద్దావిడకి సూప్ తాగిస్తున్నాను. జేబులో ఫోను ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. తీసి చూస్తే వరసగా బైబిల్ వాక్యాలు, చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో ఎవరో ఒక్క ముక్క రాశారు: "మరి హన్నా సంగతి?" మరుక్షణమే తీసేశారు, సిగ్గుపడి ఉంటారు. కానీ అప్పటికే అందరం చూసేశాం. నిజం చెప్పాలంటే, ఏడుపు వచ్చాక నాకు తట్టిన మొదటి మాట కూడా అదే.

హన్నా ఎవరో చెప్పాలి. హన్నా ఆంటీ రాస్తున్న నవలలో మనిషి. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసింది. ఆ యుద్ధంలో భర్తని పోగొట్టుకున్న హన్నా, చంటి కూతుర్ని తీసుకుని, బండి కట్టుకుని, పడమట చెట్టన్నది లేని గడ్డిమైదానాల్లోకి వెళ్తుంది. అక్కడ గడ్డిని వేళ్ళతో సహా ఇటుకల్లా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఇల్లు కట్టుకుంటుంది. వాన బయట ఆగిపోయాక కూడా ఆ ఇంట్లో కురుస్తూనే ఉంటుంది. ఇదంతా రాసింది గుంటూరు జిల్లాలో పుట్టి, ఇక్కడి ఆస్పత్రిలో నర్సుగా రిటైరైన మనిషి. అమెరికాలో అడుగు పెట్టలేదు. గుర్రమంటే భయం. దగ్గరలోనే గుర్రాలు మేసే పొలాలున్నా కంచె ఇవతల నుంచే చూసి వచ్చేసేవారు.

శనివారం కూటం ఎక్కువగా ఆంటీ ఇంట్లోనే జరిగేది. పాటలు, వాక్యం, ప్రార్థన, తర్వాత అన్నాలు. అన్నాలయ్యాక ఆంటీ తన నర్సు వాచీ, గుండెల మీద తలకిందులుగా పిన్ను పెట్టుకునేది, తీసి అంకుల్ చేతికిచ్చేవారు. రిటైరయ్యాక కూడా ఆ వాచీ వదల్లేదు. "డ్యూటీలో బతుకంతా ఇదే చూశాను. చదివేటప్పుడు నాకు టైం చెప్పొద్దు," అనేవారు. అంకుల్ దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేవారు. అప్పుడు ఆంటీ తెల్లకాగితాల కట్ట విప్పి ఆ వారం రాసిన అధ్యాయం చదివేవారు. బల్ల సర్దేవాళ్ళు సర్దడం ఆపేసేవారు. ఇక్కడ పుట్టి, తెలుగులో పిలిస్తే ఇంగ్లీషులో పలికే మా పిల్లలు కూడా మెట్ల మీద చేరేవారు.

కౌబాయ్ కథల పిచ్చి ఆంటీకి చిన్నప్పుడే పట్టుకుందట. బజార్లో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి, బైబిల్ మధ్యలో పెట్టుకుని చదివేవారట. వాళ్ళమ్మ ఊరంతా తిరిగి, మా పిల్లకి ఎంత భక్తో అని చెప్పుకునేదట. ఆ కథల్లో పేజీకొక తుపాకీ పేలుతుంది. ఆంటీ నవలలో ఒక్కటే తుపాకీ ఉంది, అదీ హన్నా భర్తది. అది ఎప్పుడు పేలుతుందా అని మా మగవాళ్ళు వారాల తరబడి ఎదురుచూశారు. మా ఆయన ఆగలేక అడిగేశాడు.

"ఆంటీ, తుపాకీ ఎప్పుడు పేలుద్దండీ?"

"ఎందుకు పేలుద్ది బాబూ? పిల్ల ఉన్న ఇల్లు. పెట్టెలో పెట్టి తాళం ఏసింది."

ఇంకొకసారి హన్నా దారిన పోయే బాటసారికి మజ్జిగ ఇచ్చింది. అమెరికాలో మజ్జిగేంటని ఒకావిడ నవ్వింది. ఆంటీ కాగితం దించి చూశారు. "ఆవుందని పోయినవారం చదివాను గదమ్మా. ఆవుంటే పాలుంటాయి, పాలుంటే మజ్జిగ ఉండదా?" మళ్ళీ కాగితం ఎత్తి చదువుకుపోయారు.

నవల ముడి అంతా ఒక బావి దగ్గర ఉంది. హన్నా పొలంలో నీళ్ళు లేవు. పక్క పొలంలో బావి ఉంది. ఆ పక్క పొలం మనిషి యుద్ధంలో అవతలి పక్షాన పోరాడినవాడు, ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. తన భర్తని చంపిన పక్షం వాడి నీళ్ళు ముట్టనని హన్నా దూరంగా వాగుకి నడిచి నీళ్ళు మోసుకొస్తుంది. ఆ ఒంటిచేతి మనిషి బావి నుంచి నీళ్ళు తోడటం గురించి ఆంటీ ఒక అధ్యాయం మొత్తం రాశారు. చేద తాడు ఒక్క చేత్తో లాగితే, రెండో పట్టు పట్టేలోపు జారిపోతుంది. అందుకని లాగినంత మేర కాలికింద తొక్కిపట్టి, మళ్ళీ వంగి, మళ్ళీ లాగి, పైకి వచ్చేసరికి బొక్కెనలో సగమే మిగులుతుంది. నీళ్ళున్నవాడికి చెయ్యి లేదు, చేతులున్నదానికి నీళ్ళు లేవు. ఆ అధ్యాయం అయ్యాక ఎవరూ లేవలేదు. వారం వారం మాతో కూర్చుని పప్పన్నం తినే మనిషి బుర్రలో ఇంత ఎక్కడ దాగి ఉందా అని నేను ఆవిడ చేతులకేసి చూస్తూ ఉండిపోయాను.

అది ఎక్కడ దొరికిందో తర్వాత తెలిసింది. ఆంటీ వాళ్ళ ఇంటికి ఎడంపక్క ఒక ఐరిష్ పెద్దాయన, కుడిపక్క ఇంకొక ఐరిష్ పెద్దాయన. ఇద్దరూ పొడుగు మనుషులు, ఇద్దరూ భార్యలు పోయి ఒంటరిగా ఉంటున్నవాళ్ళు. పుట్టినప్పటి నుంచీ అదే వీధి. ఒకరితో ఒకరు మాట్లాడరు. ఈ దేశానికీ ఒక అంతర్యుద్ధం ఉంది. అందులో వీళ్ళ నాన్నలు చెరో పక్షం. ఆ నాన్నలు పోయి ఎన్నో ఏళ్ళయింది. మాట్లాడకపోవడం మాత్రం పొలంతో పాటు కొడుకులకి వచ్చింది.

ఆంటీ మొదటి క్రిస్మస్‌కి ఇద్దరికీ బిర్యానీ పట్టుకెళ్ళారట. ఎడంపక్క పెద్దాయన పళ్ళెం అందుకుని, ఆంటీ ఇంటి అవతలికి గడ్డం ఊపి, అతనికి కూడా ఇచ్చావా అని అడిగాడట. ఇచ్చానంటే "గ్రాండ్" అన్నాడట, ఇక్కడివాళ్ళు సరే అనడానికి వాడే మాట. కుడిపక్క పెద్దాయనా అదే ప్రశ్న, అదే "గ్రాండ్". పళ్ళేలు మాత్రం కడిగి, ఒట్టి చేతులతో కాకుండా తిరిగిచ్చారు. ఎడంపక్క నుంచి పెరట్లో పెరిగిన రూబార్బ్ కాడలు, కుడిపక్క నుంచి మట్టి అంటిన బంగాళాదుంపలు. ఆ రూబార్బ్ పులుపుతో ఆంటీ గోంగూర పచ్చడి లాంటిది చేసి కుడిపక్కకి, ఆ దుంపలతో వేపుడు చేసి ఎడంపక్కకి పంపేవారు. ఇన్నేళ్ళూ ఒకరి పెరటి పంట ఒకరు తిన్నారు. ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అడగలేదు.

"మరి ఈ కథే రాయొచ్చు గదా ఆంటీ, అమెరికా దాకా ఎందుకు?" అన్నాను.

"ఇక్కడ పెడితే ఇద్దరూ గుర్తుపట్టేస్తారమ్మాయ్."

"వాళ్ళకి తెలుగు రాదు గదండీ!"

"మా మనవరాలికి నోరాగదు. అందుకే సముద్రం దాటించా."

అప్పుడే ఇంకో మాట అన్నారు. "యుద్ధం అయిపోయిందని పేపర్లో ఏస్తారు. వంటింట్లోకొచ్చి ఎవరు చెప్తారమ్మా?" ఆ మాట అని పొయ్యి మీద పప్పు కలుపుకుంటున్నారు. నాకు ఇప్పటికీ పప్పు కలిపినప్పుడల్లా అది గుర్తొస్తుంది.

ఇక మరిచిపోలేని ఒక శనివారం సంగతి. దానికి ముందు వారం నవలలో వాగు ఎండిపోయింది, హన్నా కూతురికి జ్వరం వచ్చింది. ఆ శనివారం కూటంలో ప్రార్థన మనవులు అడిగారు. ఒకరికి వీసా స్టాంపు రెన్యూవల్, ఒకరికి లీజు అయిపోయి ఇల్లు దొరకడం లేదు, ఒకరికి పరీక్షలు. అన్నీ అయ్యాక మా అందరిలోకీ పెద్దదైన మామ్మగారు కళ్ళు మూసుకునే, "హన్నా బిడ్డకి జ్వరం తగ్గాల," అన్నారు. ప్రార్థన నడిపించే అన్నయ్య ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ప్రభువా, ఎండిన వాగు దగ్గరున్న మా సహోదరి హన్నాని జ్ఞాపకం చేసుకో తండ్రీ. ఆ చిన్నబిడ్డని నీ రెక్కల కింద దాచు."

అందరం గట్టిగా ఆమెన్ అన్నాం. ఆ రోజే మెయ్‌నూత్ యూనివర్సిటీ నుంచి మొదటిసారి వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయి, అన్నాల దగ్గర నా పక్కన కూర్చుని, ఎంతో బాధగా అడిగింది. "హన్నా సిస్టర్ ఏ ఊళ్ళో ఉంటారక్కా? పాపని జీపీ డాక్టరుకి చూపించిన్రా?"

మేం నవ్విన నవ్వుకి ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి, తనేం ప్రార్థన చేశాడో ఆయనకి అప్పుడు తెలిసింది. నవ్వనిది ఆంటీ ఒక్కరే. ఆ రోజు చదవాల్సిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూస్తున్నారు. తర్వాత మెల్లగా వాటిని నిలువునా చింపేశారు.

"ఇందులో ఆ బిడ్డ చచ్చిపోద్ది," అన్నారు. "ఇంతమంది ప్రార్థన చేశాక నేనెట్టా చంపను?"

ఆ వారం నవల చదవలేదు. తర్వాతి వారం బిడ్డకి జ్వరం తగ్గింది. ఇన్నేళ్ళలో మేం చేసిన ప్రార్థనలన్నిటిలో అంత తొందరగా జవాబొచ్చింది దానికే. ఎక్కడా లేని మనిషి కోసం మేమంతా కళ్ళు మూసుకునేలా చేసింది, పోర్ట్‌లీష్ సందులో ఒక రిటైరైన నర్సు.

బిడ్డ బతికింది కాబట్టి దానికి నీళ్ళు కావాలి. హన్నా బొక్కెన పట్టుకుని, ఎప్పుడూ దాటని కంచె దాటి, ఒంటిచేతి మనిషి బావి దగ్గరికి వచ్చింది. అతను ఇంట్లోంచి బయటికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తాడు పట్టుకున్నాడు. అక్కడ అధ్యాయం ఆపేశారు ఆంటీ. అంతే, తర్వాత చదవలేదు. మొదట దగ్గన్నారు, తర్వాత స్కానన్నారు, ఆ తర్వాత మంచం దిగలేదు.

చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు వాళ్ళ మనవరాలు దిండు సర్దుతోంది. "షీ వోంట్ ఈట్, బట్ షీల్ టాక్ టు యూ," అని నాకు చోటిచ్చింది. ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. నేను ఆగలేకపోయాను.

"ఆంటీ, హన్నా తాడు పట్టుకుందా? మీరు చెప్పండి, నేను రాసిపెడతాను."

ఆవిడ కిటికీలోంచి చూశారు. ఆ కిటికీలోంచి ఎడంపక్క గోడ కనిపిస్తుంది.

"చూడకుండా ఎట్టా చెప్పనమ్మా? మిగతాదంతా చూసి రాశా. పంతం చూశా, ఒంటరితనం చూశా. మా ఇంటికి ఆ పక్కాయన దగ్గితే ఈ పక్కాయన లైటేసుకుని కూచోడం చూశా. ఇద్దరి మధ్యనా ఇన్నేళ్ళు కాపరం చేశాను. ఆ ఒక్క ముక్కా చూళ్ళేదు."

ఆ కోరిక తీరకుండానే ఆంటీ వెళ్ళిపోయారు. మాకు మిగిలింది బావి దగ్గర నిలబడ్డ హన్నా.

సమాధి రోజు సన్నగా వాన పడుతోంది. ఇక్కడ పెట్టెని చేతుల్లో కాదు, భుజాల మీద మోస్తారు. జతలు జతలుగా నిలబడి, పక్కవాడి భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంటే తప్ప పెట్టె నిలవదు. అంత్యక్రియలు నడిపించే అండర్‌టేకర్ వేరే ఊరి మనిషి, ఈ వీధి కథలేవీ ఎరగడు. పెట్టె ఒరగకుండా ఉండాలని మోసేవాళ్ళని ఎత్తులు చూసి నిలబెట్టుకుంటున్నాడు. ఆంటీ అల్లుడిని ఒకరితో, మా ఆయన్ని ప్రార్థన అన్నయ్యతో కలిపాడు. చివర ఇద్దరు పొడుగువాళ్ళు కావాలి. మాటైనా అడగకుండా ఎడంపక్క పెద్దాయన మోచెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాడు. ఆ పక్కన కుడిపక్క పెద్దాయన్ని నిలబెట్టాడు.

తెలిసినవాళ్ళు ఒక్క మాట చెప్తే ఆగేది. అంకుల్‌కి తెలుసు. ఆయన గుప్పిట్లో ఆంటీ వాచీ పట్టుకుని తన బూట్లకేసి చూసుకుంటూ నిలబడ్డారు.

పెట్టె లేచింది. ఇద్దరి చేతులూ కాసేపు గాలిలోనే ఉన్నాయి. పెట్టె కొంచెం ఒరిగింది. అప్పుడు ఎడంపక్క పెద్దాయన చెయ్యి అవతలి భుజం మీదికి వెళ్ళింది. వెంటనే కుడిపక్క పెద్దాయన చెయ్యి ఇవతలి భుజం పట్టుకుంది. పెట్టె సరిగ్గా నిలిచింది. సమాధుల తోట గేటు దగ్గర రాతి మెట్టు ఉంది, వానకి నున్నగా ఉంది. కుడిపక్క పెద్దాయన, ముందుకే చూస్తూ, అన్నాడు.

"మైండ్ ద స్టెప్ దేర్."

"ఐ హావ్ ఇట్," అన్నాడు ఎడంపక్క పెద్దాయన, మెట్టు చూసుకున్నానన్నట్టు.

నేను వెనకాలే ఉన్నాను కాబట్టి విన్నాను. ఆంటీ చూడాలనుకున్నది ఆంటీని మోస్తూనే జరిగింది. ఏడవాలో నవ్వాలో తెలియక మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ పిల్ల అప్పటికే ఏడుస్తోంది.

పెట్టె దించాక ఇద్దరూ చేతులు తీసేసి, చెరో పక్కకి వెళ్ళి నిలబడ్డారు. వాన అలాగే పడుతోంది. ఇద్దరి నల్లకోట్లూ తడిసి ముద్దయ్యాయి, భుజాల దగ్గర తప్ప. అక్కడ, ఒకరి చెయ్యి ఒకరి మీద ఆనిన మేర, బట్ట ఇంకా పొడిగా ఉంది.