ప్రేమదాసు బాజా

నారాయణఖేడ్‌లో ప్రేమదాసు క్లారినెట్ ఎత్తనిదే పెళ్లి బరాత్ కదలదు. ఆదివారం చర్చిలో కీర్తనలకూ అదే క్లారినెట్. ఎవరి జోలికీ పోయే మనిషి కాదు. అలాంటివాడు రాజద్రోహి అయ్యాడంటే, తప్పు అతనిది కాదు, పాటది.

ముందు మాణిక్యప్ప సంగతి చెప్పాలి. ఏ పార్టీ గెలిచినా తెల్లారేసరికి ఆయన అందులోనే ఉంటాడు. పేరుపెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు, అందరికీ ఆయన పెద్దన్నే. రోడ్డుకు తెచ్చిన కంకర మాయమైనప్పుడు కూడా మగాళ్లంతా నోరు కుట్టుకున్నారు. పత్తి ఏరే ఆడవాళ్లు మాత్రం పాట కట్టారు: "రోడ్డు మీది కంకరేది పెద్దన్నా, కడుపుల వోసుకున్నవా పెద్దన్నా." అది సెల్‌ఫోన్లకెక్కింది. ఓ బరాత్‌లో జనం అడిగితే ప్రేమదాసు వాయించాడు. ముసలాళ్లు కూడా చిందులేశారు.

మర్నాడే మాణిక్యప్ప పిలిపించాడు.

"ఆ పాటెందుకు వాయించినవ్‌రా?"

"నాది ఒట్టి బాణీ పెద్దన్నా. బాజాకు మాటలొస్తయా?"

మాణిక్యప్ప తన అనుచరుడు ధర్మేందర్ వైపు తిరిగాడు. "గా మాటలేందో నువ్వు చెప్పు."

ధర్మేందర్‌కు రాగం తీయందే మాటలు గుర్తురావు పాపం. చివరికి చేతులు కట్టుకుని భక్తిగా పాడాడు. లోపలి గదిలోంచి మాణిక్యప్ప మనవరాలు "పెద్దన్నా" అంటూ వంత అందుకుంది.

ఆయన మొహం మాడిపోయింది. ప్రేమదాసు చంకలోని క్లారినెట్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఇగ పాటెట్లొస్తదో చూస్త."

అసలే పెళ్లిళ్ల కాలం. ప్రేమదాసు ఇంట్లో కూర్చుని మోకాళ్ల మీద వేళ్లు ఆడించుకునేవాడు. ఆ వేళ్లు చూడలేక భార్య రిబ్కమ్మ పొయ్యి వైపు తిరిగేది. పాట మాత్రం నిక్షేపంగా ఉంది, పైగా పెరిగింది. కంగ్టి వెళ్లే ఆటోల్లో కొత్త చరణం వినిపిస్తోంది: "బాజా గుంజుకున్నవ్ పెద్దన్నా, గాలి గుంజుకుంటవా పెద్దన్నా."

కొన్నాళ్లకు ధర్మేందర్ క్లారినెట్ పట్టుకుని ఇంటికొచ్చాడు. "ఇగో, తీస్కో. గా కొత్త చరణం బంద్ చేపియ్యమన్నడు."

ప్రేమదాసు క్లారినెట్ తుడిచి పెదాలకు ఆనించగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. వేళ్లు వాటంతట అవే ఆ బాణీ ఎత్తుకున్నాయి. పొయ్యి దగ్గర్నుంచి రిబ్కమ్మ అందుకుంది: "బాజా తిరిగొచ్చె పెద్దన్నా, కంకరెప్పుడొస్తది పెద్దన్నా."

ధర్మేందర్ రెండు చేతులూ జోడించాడు. "వదినా, నీకు దండం పెడ్త, నా ముంగట పాడకు. ఒక్కసారి ఇంటే యాదికుంటది. మల్ల ఆయన ముంగట పాడాల్సింది నేనే."