ఎండనడిగి వండుకున్న మా పిన్ని

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, ఆష్‌బర్న్‌లో మా ఇంటి కింది గదిలో, మా పిన్ని నిద్రలోనే వెళ్ళిపోయింది. టీ పట్టుకెళ్ళి తలుపు తట్టింది నేనే. పలకరించడానికి వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అన్నారు. "అదృష్టవంతురాలమ్మా. ఆ ఎడారిలో ఒక్కతే పోకుండా నీ ఇంట్లో పోయింది. కన్న కూతురైనా ఇంత చెయ్యదు." నేను తల ఊపుతూ వచ్చాను. ఊపిన ప్రతిసారీ అబద్ధానికి సాక్ష్యం చెబుతున్నట్టు ఉండేది. అబద్ధమేనా అంటే, అదీ తేల్చి చెప్పలేను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. శాంటా క్లారాలో చాలా ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఆఫీసుకి రానక్కర్లేదని కంపెనీ చెప్పిన ఏడాది, ఉన్న కాండో ఫ్లాట్ అమ్మేసి ఆర్వీ కొనుక్కుంది. వంటగట్టు, మంచం, బాత్రూమ్ అన్నీ ఉన్న పెద్ద బండి. నెత్తిన సోలార్ పలకలు, మంచం కింద బ్యాటరీలు, బయట శాటిలైట్ ఇంటర్నెట్ డిష్. కరెంటు తీగా కుళాయీ లేని చోట దాన్ని నిలుపుకుని పొద్దున్నే లాగిన్ అయ్యేది. చలికాలం అరిజోనా, ఎండలు ముదిరితే కొలరాడో కొండలు. "వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నారు గానీ, ఆ హోమ్ ఎక్కడుండాలో చెప్పలేదు కదే," అని నవ్వేది.

ఆ బండిలో ఆమె కాపురం పద్ధతే వేరు. పప్పు ఉడికేది మిట్టమధ్యాహ్నమే, పలకల మీద ఎండ నిండుగా ఉన్నప్పుడు. లంచ్ బ్రేక్‌లో రాత్రి వంట కూడా అయిపోవాలి. మీటింగ్‌లో ఉండగా కుక్కర్ కూస్తే, "సారీ, మా టీమ్‌మేట్," అనేదట. కరెంటుని మార్చే ఇన్వర్టర్ పెట్టె కాస్త వెచ్చగా ఉంటుంది. పాలల్లో తోడు వేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి, దాని పక్కన పెట్టేది. అంత కమ్మటి పెరుగు మా ఇంట్లో ఎప్పుడూ తోడుకోలేదు. తిన్న కంచాన్ని ముందు కాగితంతో తుడిచి, తర్వాత స్ప్రే సీసాతో రెండు చిమ్ములు చిమ్మి కడిగేది. నీళ్ళ ట్యాంకు నింపాలంటే బండిని ఊళ్ళోకి తోలుకెళ్ళాలి మరి. "బ్యాటరీ కూడా మనలాంటిదేనే. అడుగంటేదాకా వాడకూడదు," అనేది. ప్రభుత్వ భూమిలో ఊరికే ఉండనిస్తారు గానీ, రెండు వారాలు దాటితే కదలాలి. కదిలే రోజు ఆమె గొంతులో పండగ వినిపించేది.

పోయిన చలికాలం ఫోన్‌లో ఏదో చెబుతూ, మధ్యలో, "నిన్న కళ్ళు తిరిగి కూర్చుండిపోయాలే," అంది. నేను ఆ వారమే ఫీనిక్స్ ఫ్లైట్ ఎక్కాను. చూసి రావడానికి కాదు. తీసుకురావడానికి.

అక్కడ రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. ప్రేమ కొద్దీ ఇడ్లీ చేసి పెడదామని, పిన్ని కాల్‌లో ఉండగా సాయంత్రం మిక్సీలో పిండి రుబ్బాను. ఎడారి చలి ఎముకల్లోకి దిగుతోంది. గ్యాస్ హీటర్ వాసన నాకు పడక, దారిలో కొనుక్కొచ్చిన చిన్న ఎలక్ట్రిక్ హీటర్ నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. అడగలేదు. మన ఇళ్ళల్లో ప్లగ్గు పెట్టడానికి ఎవర్ని అడుగుతాం? చీకటి పడే వేళకి మొత్తం ఆగిపోయింది. లైట్లు, నెట్, పిన్ని మీటింగ్, అన్నీ.

పిన్ని నుదుటికి టార్చి లైటు తగిలించుకుని మంచం కిందకి వంగి చూసింది. లేచి నా కాళ్ళ దగ్గర హీటర్ చూసింది.

"ఎండ వాలాక మిక్సీ, ఆపైన ఇదీనా? ఇక్కడ ఇడ్లీ తినాలంటే సూర్యుణ్ణి అడగాలే పిచ్చిదానా," అంటూ నవ్వేసింది.

ఆ నవ్వుకి నేను కూడా నవ్వి ఊరుకుని ఉంటే సరిపోయేది.

"చూశావా పిన్నీ? ఒక్క మిక్సీ వేస్తే ఆగిపోయే బతుకిది. నీకే ఏదన్నా అయితే ఫోన్ కూడా పని చెయ్యదు. అమ్మ ఉంటే నిన్నిలా ఉండనిచ్చేదా?"

పిన్ని పిండి గిన్నె అంచుని కాగితంతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "అక్కని మధ్యలోకి తేకే," అంది చివరికి. ఫోన్‌కి బండి ఇంజిన్ నుంచి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని ఆమెకి తెలుసు. చెప్పి నా నోరు మూయించవచ్చు. చెప్పలేదు. నేను నెగ్గాననుకున్నాను.

సరేనన్నాక మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనన్న భయంతో బండి అమ్మకం పనంతా నేనే చకచకా చూశాను. కొన్న జంటకి పిన్ని పూటంతా కూర్చుని ఏ మీట ఎందుకో చెప్పింది. తాళాలిచ్చాక ఎయిర్‌పోర్ట్ దాకా కారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మా ఇంట్లో ఏ లోటూ లేదు. ఆ వసతులతో ఏం చెయ్యాలో ఆమెకే తోచేది కాదు. డిష్‌వాషర్ పక్కన నిలబడి స్ప్రే సీసాతో కంచం కడుక్కునేది. మా ఆయన ఏ గదిలోనైనా లైట్ వెయ్యగానే నెత్తిన పలకలున్నట్టే ఆమె చూపు ఒకసారి పైకి లేచేది. వచ్చిన రెండో వారం చివర్లో చేతిసంచీతో మెట్లెక్కి వచ్చింది.

"ఏమే, కింద రెండు వారాలైంది. పైగదిలోకి మారనా?"

అది నా ఆఫీసు గది. జోక్ అనుకుని నవ్వాను. "పిన్నీ, ఇది ఇల్లు. నిన్నెవరూ లేపరిక్కడ."

"అదే కదే భయం," అని, తనూ నవ్వి, సంచీతో దిగిపోయింది.

గుండె ఆగిందన్నారు డాక్టరు. అడవిలో ఉన్నా ఆస్పత్రి పక్కనున్నా ఎక్కడైనా జరిగేదే అన్నారు. ఆ మాట అందరికీ ఊరటనిచ్చింది. నాకు మాత్రం రాత్రింబవళ్ళు ఒకటే ఆలోచన. ఎక్కడైనా జరిగేదే అయితే, అక్కడే ఎందుకు జరగనివ్వలేదు నేను? ఒకవేళ అక్కడే జరిగి, వారం దాకా ఎవరికీ తెలియకపోయి ఉంటే? అప్పుడు ఇంకో రకంగా కుమిలేదాన్ని, నిజమే. ఈ రెండు బాధల్లో నాకు వీలైనదాన్ని ఎంచుకుని, దానికి ఆమె క్షేమం అని పేరు పెట్టానేమో. నా నిద్ర కోసం ఆమెని తెచ్చుకున్నానేమో. మీలో ఎవరైనా ఇలా పెద్దవాళ్ళని తెచ్చుకుని ఉంటే, నన్ను ఓదార్చకండి. మీకూ ఈ సందేహం ఎప్పుడైనా వచ్చిందా, అదొక్కటి చెప్పండి.

చివరి వారంలో ఒక సాయంత్రం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. పిన్ని మడత కుర్చీ ఒకటి డ్రైవ్‌వేలో వేసుకుని, కోటు తొడుక్కుని, పడమటి వైపు తిరిగి కూర్చుంది. అటు ఉన్నవి ఎదురింటి గరాజ్, దాని వెనక వరసగా కప్పులు. ఎదురింటావిడ కుక్కని నడిపిస్తూ రెండుసార్లు తిరిగి చూసింది.

"చలి పిన్నీ, లోపలికి రా," అన్నాను. చలి కాదు. ఎదురింటావిడ చూస్తోందని.

ఎవరి మాటా వినదని అమ్మ జీవితమంతా తిట్టిన మనిషి. "ఉండవే, ఇంకాసేపు" అంటుందనుకున్నాను. అనలేదు. పిలవగానే లేచింది. కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది. చెప్పులు విప్పి, బండెక్కే ముందు చేసినట్టే, రెంటినీ ఒకదానికొకటి తాటించి, తలకిందులు చేసి దులిపింది. వాన కడిగేసిన మా సిమెంటు వాకిట్లో, ఆ చెప్పుల్లోంచి ఇసుక రాలుతుందేమోనని ఆమె వంగి చూస్తూ నిలబడింది.