మబ్బుల మీద నాగలి

అక్కకు పిచ్చి పట్టిందని ఆత్మకూరు ఊరంతా తేల్చేసింది. మాటలు నేర్చిన బిడ్డ జ్వరంతో పోయినప్పటి నుంచీ గోడకానుకుని తనలో తాను మాట్లాడుకునేది. నేను "అక్కా" అంటే చూసేది గాని పలికేది కాదు. బేస్తవారం దర్గాకు తీసుకెళ్లి పిచ్చి దిగేదాకా స్తంభానికి కట్టించాలని వాళ్ల అత్త పట్టుబట్టింది. బావ కాదనలేకపోయాడు. అక్కకు తోడుగా వచ్చి ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది గాని, పెళ్లికాని పిల్ల మాట వినేదెవరు?

యుద్ధం రోజులు. కాగితం కరువై సన్నబడిన మాసపత్రికను బావ వనపర్తి నుంచి తెచ్చాడు. బుధవారం మధ్యాహ్నం అందులోని కథ పైకి చదివాను. వానలు లేక చేను ఎండితే, ఒక రైతు రోజూ మబ్బులెక్కి నాగలి దున్నుతాడు. మొదలేదో చివరేదో తెలియదు, అంతా కలలాగే సాగుతుంది.

"గీ రాసినోనికే తిక్క ఉన్నట్టుంది," అన్నాడు బావ. "ఆ రైతుకు పిచ్చి లేసింది, గంతే గద?"

"పిచ్చి కాదు బావా, కల్పన," అన్నాను పెద్ద తెలిసినదానిలా. తేడా ఏందో చెప్పమన్నాడు బావ.

"ఆయనకు పిచ్చి లేదు."

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. అన్నది అక్క!

"పొద్దుగూకితె పెండ్లాం బువ్వకు పిలుస్తది, ఆయన దిగొస్తడు. మబ్బు మీద జొన్న పండదని ఆయనకు తెల్వదా? తెలిసే పోతడు. పిలిస్తె దిగొచ్చేటోనికి పిచ్చేంది?"

అప్పటికే ఆ కథ ఎన్నోమార్లు చదివినదాన్ని, పెళ్లాం పిలుపును లెక్కలోకే తీసుకోలేదు. మళ్లీ వెతికాను. ఉంది! తర్వాత ఎన్ని వింత కథలు చదివినా నేను ముందు వెతికేది ఒకటే: ఇందులో పిలిచేవాళ్లెవరు?

బావ గొంతు తగ్గించాడు. "మరి నువ్వెందుకు దిగొస్తలేవు?"

"నువ్వు ఒక్కనాడన్న పిలిచినవా?"

మా వైపు మొగుడు పెళ్లాన్ని పేరుపెట్టి పిలవడు. బిడ్డ పుట్టాక, ఆ బిడ్డ పేరుకే "అమ్మ" చేర్చి పిలుస్తాడు. ఆ పేరెత్తితే అక్క తట్టుకోలేదని ఇంటిల్లిపాదీ నోరు కట్టేసుకున్నాం. మంచే చేస్తున్నామనుకున్నాం. పేరుతో పాటు ఆమెకు మొగుడి పిలుపే లేకుండా పోయిందని ఒక్కరికీ తట్టలేదు.

బావ లేచి వంటింటి గడపలో నిలబడ్డాడు. చనిపోయిన బిడ్డ పేరు పలికి, "అమ్మా" అని చేర్చి, "బువ్వ తిందాం రా," అన్నాడు.

అక్క బావురుమంది. ఏడుస్తూనే లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, "వస్తున్న," అంది. తెల్లారి దర్గాకు బండి కట్టమని వాళ్ల అత్త కూడా అనలేదు.