లాస్య పేరు పక్కన సున్నాలు

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు పామర్రు దగ్గరి సెక్టారు. పదవీ విరమణకు రెండేళ్ళు ఉందనగా, ఒక జూన్ నెలలో, అక్కడ సూపర్‌వైజరుగా చేరాను. అంగన్‌వాడీ వ్యవస్థ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: కేంద్రంలో పిల్లల్ని చూసేది టీచరు, వంట చూసేది ఆయా. అలాంటి కేంద్రాలు పాతిక దాకా కలిస్తే ఒక సెక్టారు. వాటి మీద సూపర్‌వైజరు, ఆ పైన ప్రాజెక్టు అధికారి. నేను రోజూ విజయవాడలో బస్సెక్కి వచ్చి, రెండు మూడు కేంద్రాలు తనిఖీ చేసి వెళ్ళేదాన్ని. రిజిస్టరంటే నాకు ప్రాణం. గడి ఖాళీగా కనిపిస్తే టీచరును నిలబెట్టి నింపించేదాన్ని. నా వెనక నన్ను ‘గడుల మేడం’ అనేవారట. అన్నారంటే అన్నారు, అబద్ధమేమీ కాదు.

ఆ ఏడాది మాకు కొత్త పని అప్పగించారు. పిల్లల చేతిలో ఫోను తగ్గించాలి. సాయంత్రం పూట ఇంట్లోవాళ్ళు పిల్లలతో కలిసి నడవాలి, ఆడాలి. తల్లుల్ని అడిగి టీచరు వారం వారం రెండు గడులు నింపాలి: పిల్ల రోజుకు ఎంతసేపు ఫోను చూసింది, ఇంట్లోవాళ్ళతో ఎంతసేపు ఆడింది. ఈ పని నాకు బాగా నచ్చింది. పళ్ళెం ముందు ఫోను పెడితే తప్ప నోరు తెరవని మూడేళ్ళ పిల్లల్ని చూసి చూసి అప్పటికే నా ఒళ్ళు మండిపోయి ఉంది.

కాలవ గట్టు పక్కనున్న ఒక కేంద్రంలో తల్లుల సమావేశం పెట్టాను. ఫోను చూస్తే పిల్లలకు మాటలు రావని, అన్నం దగ్గర అది కనపడనే కూడదని తేల్చి చెప్పాను. వెనక వరసలోంచి శిరీష అనే అమ్మాయి లేచింది. మూడున్నరేళ్ళ లాస్య తల్లి.

“మేడం, మా ఇంట్లో అయితేనండీ...” అని మొదలుపెట్టింది.

“అందరిళ్ళల్లోనూ ఒక ‘మా ఇంట్లో అయితే’ ఉంటుందమ్మా. కూర్చో,” అన్నాను. అందరూ నవ్వారు. శిరీష కూడా నవ్వి కూర్చుంది.

లాస్య పేరు పక్కన ఫోను గడిలో మొదటి వారమే సున్నా పడింది. రెండో వారమూ సున్నాయే. ఆట గడిలో మాత్రం రోజూ అరగంట: తల్లీ కూతుళ్ళు గట్టు మీద, కాలవ నీళ్ళు ఆపే లాకుల దాకా నడిచి వస్తున్నారు. సెక్టారు మొత్తంలో అంత శుభ్రమైన వరస ఇంకొకటి లేదు. తర్వాతి సమావేశంలో శిరీషను నిలబెట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించాను. ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. సిగ్గనుకున్నాను.

నెలాఖరున బరువులు తూచారు. ప్రతి పిల్లకూ ఒక ఎదుగుదల చార్టు ఉంటుంది. బరువు చుక్క ఆకుపచ్చ పట్టీలో ఉంటే బాగున్నట్టు, పసుపులోకి జారితే జాగ్రత్తపడాలి, ఎరుపైతే ఆస్పత్రికి పంపాలి. లాస్య చుక్క పసుపులోకి దిగింది. కాటా తప్పేమోనని ఇంకో కేంద్రం నుంచి కాటా తెప్పించి మళ్ళీ తూయించాను. అదే బరువు.

“మాట్లాడ్డం కూడా మానేసిందండీ,” అంది అక్కడి టీచరు నాగమణి. “ఇదివరకు ముక్కలు ముక్కలుగానైనా కబుర్లు చెప్పేది.”

నాకేమీ పాలుపోలేదు. ఫోను తీసేశాం, నడిపిస్తున్నాం, చెయ్యమన్నవన్నీ చేశాం. పిల్ల బాగుపడాలి కదా, ఇదేం చోద్యం? నర్సు వచ్చి చూసి జ్వరమూ లేదు, మరేమీ లేదంది. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని శిరీషను పక్కకు పిలిచి అడిగితే “అబ్బే, ఏం లేవండీ” అంది. బస్సులో ఇంటికి వెళ్తూ ఆలోచించిన కొద్దీ నా బుర్ర ఇంకా గజిబిజి అయ్యేది.

అంతలో నాగమణి మరో సంగతి చెప్పింది. మధ్యాహ్నం భోజనం దగ్గర లాస్య తన పలక తెచ్చి మంచినీళ్ళ గ్లాసుకు ఆనించి నిలబెడుతోంది. తినకుండా దాన్నే చూస్తూ కూర్చుంటోంది. “ఫోను పిచ్చి తలకెక్కిందండీ,” అంది. నేనూ అదే అనుకున్నాను. జిల్లా కేంద్రంలో పరీక్షలకు పంపే ఫారం తీసి, కారణం దగ్గర ‘మాటల్లో ఆలస్యం, ఫోను వ్యసనం’ అని రాశాను. దాని మీద తల్లి సంతకం కావాలి. అందుకని ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

ఇంకా వెలుతురుండగానే శిరీష పిల్లకు అన్నం పెడుతోంది. పళ్ళెం అవతల చెంబు, చెంబుకు ఆనించి పలక. లాస్య చిన్న ముద్ద చేసి, పలక ముందుకు ఎత్తి పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత ఆ ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. నా కళ్ళ ముందే మూడుసార్లు అలా చేసింది.

“ఏంటమ్మా ఇది?” అన్నాను.

శిరీష నా చేతిలోని ఫారం వంక చూసింది. “వాళ్ళ నాన్నకి పెడతందండీ,” అంది.

తండ్రి రాంబాబు లారీ డ్రైవరు. విజయవాడ ఆటోనగర్‌లో లోడు వేసుకుని వెళ్తే మళ్ళీ ఇంటికి వచ్చేసరికి రెండు వారాలు, వచ్చినా ఒక పూటే ఉండేది. పిల్ల తినే వేళకు ఎక్కడున్నా లారీ పక్కకు ఆపి వీడియో కాల్ చేసేవాడట. మన ఇళ్ళల్లో ‘ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద’ అంటూ పిల్లలకు పెడతాం కదా. లాస్య నాన్న ముద్దను ఫోను ముందు ఎత్తి పట్టుకుంటే, అతను ‘ఆమ్’ అని నమిలినట్టు నటించి, “నాదైపోయింది, ఇప్పుడు నీది” అనేవాడు. అప్పుడు తినేది. ముద్దకూ ముద్దకూ మధ్య కబుర్లు.

“మరి చెప్పవేంటమ్మా!” అని అరిచాను.

“చెప్పబోయానండీ. మీరు కూర్చోమన్నారు. ఫోను చూస్తే మాటలు రావన్నారు కదండీ, ఫోను ఫోనేగా అని బొమ్మల వీడియోలతో పాటు ఇదీ మానేశాం. ఆయన కూడా పాప కోసమేగా అని సరే అన్నారు. ఇప్పుడు అది నిద్రపోయాక నాతో మాట్లాడతన్నారు.”

కొట్టించిన చప్పట్లు గుర్తొచ్చి నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే కాల్ చెయ్యమన్నాను. “నిజంగానా అండీ? రిజిస్టర్లో రాయరుగా?” అని ఆ అమ్మాయి ఇంకా జంకుతూనే ఉంది.

తెర మీద రాంబాబు కనిపించాడు. పక్కన నన్ను చూసి కంగారుపడి, “నమస్కారం మేడం! పాపకి కనపడ్డం లేదండీ, తప్పుకుంటన్నానండీ,” అంటూ మొహం పక్కకు తిప్పేసుకున్నాడు.

“ఇటు చూడు బాబూ. నీ ముద్ద చల్లారిపోతోంది,” అన్నాను.

లాస్య పలకను తోసేసి ముద్ద ఎత్తింది. అతను ఇటు తిరిగి ‘ఆమ్’ అన్నాడు. ఆ తర్వాత పిల్ల తింటూ, లాకుల దగ్గర కొంగ ఉందని, అది ఎగిరిపోయిందని, అమ్మ చెప్పు తెగిందని ఆపకుండా చెప్పింది. అవన్నీ రోజూ నడిచినప్పుడు పోగుచేసుకున్న కబుర్లు. ఇన్నాళ్ళూ వాటిని చెప్పడానికి నాన్న లేడు.

ఆ వారం గడిలో ఏం రాయాలో నాకు తెలియలేదు. ప్రాజెక్టు అధికారిని అడిగితే, ఫోనుకు ఉన్నది ఒక్క గడే, నిమిషాలు రాసెయ్యమన్నారు. రాశాను. సెక్టారులో అన్నిటికంటే శుభ్రమైన వరస చెడిపోయింది. పెన్సిలుతో గడిని రెండుగా చీల్చి పైన ‘బొమ్మలు’, కింద ‘నాన్న’ అని నా కోసం రాసుకున్నాను. బరువు చుక్క ఆకుపచ్చలోకి ఎక్కడానికి రెండు నెలలు పట్టింది. మాటల్లో తోటి పిల్లల కంటే ఇంకా కాస్త వెనకే ఉండడంతో ఫారం పంపించాను, ‘ఫోను వ్యసనం’ అన్న మాట కొట్టేసి. అంతకు ముందు చూసిన బొమ్మలు ఎంత చెరుపు చేశాయో, నాన్న ఎంత మేలు చేశాడో, గట్టు మీద నడక ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పమంటే ఈనాటికీ నేను చెప్పలేను.

ఫోను ఎంతసేపు అని అడిగే ముందు ఫోనులో ఎవరని అడగాలని ఆ ఇంట్లో తెలుసుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ‘మా ఇంట్లో అయితే’ అని ఏ తల్లి లేచి నిలబడినా నేనే కూర్చున్నాను.