ఫిట్‌నెస్ రోజు ఊడిన కమాను పట్టీలు

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు పక్కన కమాన్ల జయన్న షెడ్డు ఉంది. తను బిగించిన పట్టీల మీద ఆదోని కొండను ఎక్కించి తోలినా బండి వెంట్రుకవాసి కుంగదని అతడే చెప్పుకుంటాడు. కొండ ఇంకా ఆదోనిలోనే ఉంది కాబట్టి ఎవరూ పరీక్షించలేదు.

బండి కింద కుదుపులు మింగే ఆ ఇనుప పట్టీలు కంపెనీ పెట్టినట్టే ఉండాలని చట్టం. పత్తి మూటలు ఎక్కువ మోయించాలని ఓనర్లు అదనంగా వేయిస్తారు. బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఉన్న రోజు పొద్దున ఊడబీకిస్తారు, కాగితం చేతికి రాగానే సాయంత్రం మళ్లీ బిగించమంటారు. ఆ తతంగం చూస్తే జయన్నకు పాచిపోయిన సంగటి వాసన తగిలినట్టుంటుంది.

మొన్న ఈరప్ప ట్రాలీ ఆటోకీ అదే పని.

"జల్దీ విప్పన్నా. రేపు పెద్దకడుబూరుకు పత్తి తీసే ఆడోళ్లను తోలుకపోవల్ల. మా పార్వతమ్మొదిన గుడా వస్తాండాది" అని ఈరప్ప పళ్లికిలించాడు.

జయన్న చేతిలో పానా ఆగింది. తన భార్య ఈ బండిలోనా! సరుకు బండిలో మనుషులను ఎక్కించడమే తప్పు. పైగా మూటల బరువు లేకపోతే గట్టి పట్టీల మీద వెనక భాగం గుంటగుంటకూ ఎగిరిపడుతుంది. అంచున కూర్చున్నవాళ్లు రోడ్డు మీద పడతారు. అయినా అదనపు పట్టీలన్నీ విప్పేశాడు.

సాయంత్రం ఈరప్ప కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"పాసైపాయ! పట్టీలు బిగించన్నా."

"నాగన్న కొలిమికి పంపినా. ఈపాటికి గొడ్డళ్లయింటాయి."

"నా పట్టీలు గొడ్డళ్లేందప్పా! నీకేమన్నా పిచ్చా?"

"బ్రేకు ఇనస్పెక్టరుకు నీ బండికి అదనంగా ఏమీ లేవని చూపిస్తివి. లేనివి నన్నడుగుతావేంది?"

"పక్క షెడ్డులో ఏయించుకుంటా పో!"

"ఏయించుకో, సిగ్గులేనోడా. మీ వదినైతే ఎక్కదు."

తెల్లారి ట్రాలీ జయన్న వీధిలోకి వచ్చింది. వెనక భాగం మళ్లీ పైకి లేచి, ముక్కు నేలకు వాలి ఉంది. పార్వతమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇదేంది ఈరప్పా, నీ బండి రోడ్డును నాకుతాండాదే! నేను బస్సుకు పోతా. ఆడోళ్లకు టికెట్టు గుడా లేదు."

"బస్సు చేను దాకా రాదు గదక్కా" అన్నారు మిగతా ఆడవాళ్లు, ఒకరి చేయి ఒకరు పట్టుకుని పైకెక్కుతూ.

జయన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి దిగమన్నాడు. ఎవరూ దిగలేదు. మొదటి గుంటకే బండి గెంతింది, లోపల అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు విని జయన్న తుపుక్కున ఉమ్మేశాడు.

పార్వతమ్మ సద్దిమూట చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది.